బొలెరోనా, పది టైర్లా: ఓనర్ కం డ్రైవర్ కాబోయేవారికి కొన్ని సూచనలు

సొంత బండి కొనాలన్న కోరిక మనిషికి ఎప్పుడు పుడుతుందో చెప్పలేం. ఖమ్మం మిర్చి యార్డు గేటు దగ్గర టీ తాగుతూ, లోపలికి పోతున్న బండ్లు లెక్కపెడుతుంటే పుట్టొచ్చు. పక్కింటివాడు కొత్త ట్రాలీకి గుమ్మడికాయ కొడుతుంటే పుట్టొచ్చు. 2025 సెప్టెంబరు 22న సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగినప్పుడు చాలామందికి ఒకేసారి పుట్టింది. పుట్టిన కోరికను మీరే చంపుకోవద్దు. ఆ పని ఫైనాన్సు వాళ్లు చూసుకుంటారు.

ఈ సూచనలు ఇవ్వడానికి నాకున్న అర్హత చెప్తాను. మొదట బొలెరో ట్రాలీ నడిపాను. చిన్నదని దాన్ని అమ్మి పది టైర్ల లారీ కొన్నాను. అది పోయింది. ఇప్పుడు మళ్లీ బొలెరో నడుపుతున్నాను. రెండు వైపులా నష్టపోయినవాడి మాటకున్న బరువు ఒకవైపే నష్టపోయినవాడి మాటకు ఉండదు.

ముందుగా లెక్క వేసుకోండి. అది కూడా బండి అమ్మేవాడు ఇచ్చిన కాగితం మీదే వేసుకోండి. ఆ కాగితం చాలా చల్లనిది. దాని మీద నెలకు ఇరవయ్యారు ట్రిప్పులుంటాయి. వాన ఉండదు, క్లచ్ ప్లేట్లుండవు, చిన్నాన్న దినం ఉండదు. పోయేటప్పుడు ఎంత లోడో వచ్చేటప్పుడూ అంతే లోడు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోండి. తర్వాత రాత్రుళ్లు రోడ్డు పక్కన బండి ఆగినప్పుడు చదువుకోవడానికి పనికొస్తుంది.

చిన్న బండికున్న పెద్ద సుఖం లైసెన్సు. ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు సరుకు బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఇంకో సుఖం, మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం పర్మిట్టే అడగదు. టాటా ఏస్ ఈ గీత లోపల హాయిగా ఇముడుతుంది. బొలెరోలో 1,700 కిలోలు మోసే రకం మాత్రం గీత దాటిపోతుంది. కాబట్టి మీరు ఆ రకమే కొనండి. పర్మిట్ లేకపోతే ఆర్టీవో ఆఫీసు వైపు పోవడం తగ్గిపోతుంది, తెలిసినవాళ్లు దూరమైపోతారు.

మా పిన్ని కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. వాడి దగ్గర పికప్ వెనక పొడుగాటి ట్రైలర్ తగిలించి అర్జెంటు సరుకు మోసే బేరం ఉందట. హాట్‌షాట్ అంటారట. బండి, ట్రైలర్, సరుకు కలిపి 26,000 పౌండ్లు దాటకపోతే అక్కడా పెద్ద లైసెన్సు అక్కర్లేదట. గొప్పగా చెప్పి, "మన దగ్గర దీన్ని ఏమంటారన్నా?" అని అడిగాడు. "ఏయ్ ట్రాలీ, పక్కకి తియ్ అంటార్రా" అన్నాను.

ఇక లోడు. 1,700 కిలోలంటే నలభై కిలోల మిర్చి బస్తాలు నలభై రెండు. నలభై రెండు బస్తాలతో యార్డుకొచ్చిన బొలెరోని ఇన్నేళ్లలో నేను చూడలేదు. రైతు డెబ్భై ఎక్కిస్తాడు. మీరు మొహం మాడ్చుకుంటే "మిర్చేగా అన్నా, గాలి" అంటాడు. ఆ గాలి స్ప్రింగు పత్తాలు విరిచేదాకా మీరు కూడా మొహమాటానికి నవ్వండి. అధిక లోడు పట్టుబడితే జరిమానా 20,000, ఆపైన టన్నుకు 2,000. ఆ గాలికి విలువ కట్టింది 2019 సవరణ చట్టం ఒక్కటే.

బొలెరో కొన్నాక మీకు బంధువులు పెరుగుతారు. ఇల్లు మారేవాళ్లు, బోరు పైపులు తెచ్చుకునేవాళ్లు, కోళ్ల ఫారం పెట్టబోయి మానుకున్నవాళ్లు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. "బావా, డీజిల్ మేం కొట్టిస్తాం" అని ఫోను. మీరు వెళ్లేసరికి ఇరవై ఇద్దరు మనుషులు, రెండు మేకలు, నిలువెత్తు బెల్లం, ఒక మంచం. మంచం దేనికని అడగొద్దు. తాడ్వాయి అడవిలో ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు మీకే తెలుస్తుంది. ఆ మంచం మీద బావ పడుకుంటాడు. మీరు స్టీరింగు మీద పడుకుంటారు.

ఇది నవ్వుకునే సంగతి. నవ్వలేనిది ఇంకోటి ఉంది. మిర్చి కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి, కుంట అవతల ఊళ్ల నుంచి కూలీలు మన వైపు వస్తారు. ముఠా మేస్త్రీ రాత్రి పదింటికి ఫోను చేస్తాడు. చింతూరు దగ్గర రోడ్డు పక్కన చెట్టు కింద బండి ఆపితే చీకట్లోంచి ఒక్కొక్కరే లేచి నిలబడతారు. ఆడవాళ్లు, పసిపిల్లలు, బియ్యం మూటలు, సత్తు గిన్నెలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. అందరూ ఎక్కాక ఎవరి కాలు ఎవరిదో తెలియదు. కిరాయి మిర్చి కంటే నయం, ఎక్కించడానికీ దించడానికీ హమాలీ ఖర్చు లేదు. ఇలాంటప్పుడు ఇన్సూరెన్సు కాగితం చదవకండి. సరుకు బండిలో ఎక్కిన ఈ మనుషుల గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. నేను చదివాను. అప్పటినుంచి ఆ ఫోను ఎత్తలేదు. మేస్త్రీకి ఇంకో బండి దొరకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

సరే, ఈ చిల్లర బతుకు వద్దు, పెద్ద బండే కొంటానంటారా? శుభం. అద్దం మీద "అమ్మ దీవెన" అని పెద్ద అక్షరాలతో రాయించండి. బండి ఎవరిదో ఆర్సీలో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, అది అడగకపోయినా వాళ్లే రాస్తారు.

పెద్ద బండికి పరువుంది. ఊళ్లో ఎవరూ ఇల్లు మారడానికి లారీ అడగరు. ఏడాదికి 16,500 కడితే నేషనల్ పర్మిట్, కాశ్మీరు దాకా పోవచ్చు. దేశమంతా తిరిగే హక్కు ఉంటుంది, పాల్వంచ దాకా డీజిల్ ఉంటుంది. 2018 జూలైలో కేంద్రం మూడు ఇరుసుల బండి మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. మూడున్నర టన్నుల అదనపు కిరాయి ఊహించుకుని మా అడ్డా మీద ఆ రోజు టీలు ఎవరెవరో కట్టేశారు. బండ్ల మోత పెరిగింది గాని మోయడానికి సరుకు పెరగలేదని తెలియడానికి ఒక సీజను పట్టింది.

కొత్త బండ్లకు డీజిల్‌తో పాటు యూరియా కూడా పోయాలి. పొలంలో వేసేది కాదు, పొగ శుభ్రం చేసే నీళ్లు. మా డ్రైవర్లు దాన్ని యూరియా అనే అంటారు. ఒక వానాకాలంలో మా తమ్ముడు పొలం యూరియా కోసం తెల్లవారుజామున లైన్లో చెప్పులు పెట్టాడు. నేను బంకులో యూరియా డబ్బా కోసం నిలబడ్డాను. ఇద్దరం ఇంటికొచ్చాక మా అమ్మ ఎవరికి దొరికిందని అడిగింది. ఏ యూరియా అని అడగలేదు.

లారీ ఓనరుకు ముఖ్యంగా కావలసింది ఓపిక. జామాయిల్ కర్ర వేసుకుని కాంటా గేటు దగ్గర లైన్లో నిలబడితే తెలుస్తుంది. ఏ గేటో చెప్పను, మా వైపు లారీ నిలబడే గేట్లకు కొదవలేదు. వెనక టైర్ల మధ్య గాలి తగలకుండా స్టవ్వు పెట్టి, మసిగిన్నెలో అన్నం పడేసి, పక్కనే కూర్చుంటారు. అన్నం ఉడుకు పట్టే సమయానికి ముందు బండి కదులుతుంది. స్టవ్వు ఆపి, గిన్నె తీసి, ఇంజను స్టార్టు చేసి, ఒక్క బండి నిడివి జరిగి, మళ్లీ దిగి స్టవ్వు వెలిగించాలి. పడుకుంటే వెనకవాడు దాటిపోతాడు. కాబట్టి క్లీనర్‌ని మేలుకోమని చెప్పి మీరు పడుకోండి. అన్నట్టు క్లీనర్ లేడు కదా. ఓనర్ కం డ్రైవర్ అన్న బిరుదులో మిగతా రెండు ఉద్యోగాలు, క్లీనరూ వంటవాడూ, చోటు చాలక రాయలేదు.

అసలు సంగతి ఇంకా ఉంది. జామాయిల్ పచ్చికర్ర. మే నెల ఎండలో రెండు రోజులు నిలబడితే లోపలి నీరు ఆరి బరువు తగ్గుతుంది. కిరాయి టన్ను లెక్క. అంటే మీరు ఎంత ఓపిగ్గా నిలబడితే మీకు అంత తక్కువ వస్తుంది. మనిషి ఓర్పుకు కాంటా పెట్టి, తూచి, రసీదు ఇచ్చే వ్యాపారం నాకు తెలిసి ఇదొక్కటే. ఆ రసీదు పట్టుకెళ్తే బ్యాలెన్సు ఇస్తారు. ఎప్పుడిస్తారన్నది రసీదు మీద ఉండదు.

రోడ్ల విషయానికొస్తే మా వైపు భూగోళం కాస్త ప్రత్యేకం. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాలో కలిశాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. రాముడు ఇటు, రాముడి మాన్యాలు అటు. భద్రాచలంలో ఎరువుల బస్తాలు ఎక్కించుకుని చర్ల బయలుదేరితే ఊరు దాటగానే ఎటపాక, అంటే ఆంధ్రా. ఇంకాస్త పోతే మళ్లీ తెలంగాణ. బయలుదేరిందీ చేరిందీ ఒకే జిల్లా, మధ్యలో పరాయి రాష్ట్రం. కాగితాలు డాష్‌బోర్డు మీదే ఉంచుకోండి. పెద్ద బండైతే చేయి ఎత్తి ఆపుతారు, చిన్న బండైతే చూపుడువేలితో ఆపుతారు. తేడా అంతే.

బాకీల గురించి భయపడొద్దు, మనది రామదాసు నడిచిన నేల. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్ము గుడికి ఖర్చుపెట్టి గోల్కొండ చెరలో పన్నెండేళ్లున్నాడని, చివరికి రామలక్ష్మణులే తానీషా దగ్గరికెళ్లి బాకీ తీర్చారని కథ. భద్రాచలం దగ్గర గోదావరి వంతెన దాటే ప్రతి లారీవాడూ గోపురం వైపు తిరిగి దణ్ణం పెట్టేది ఇందుకే, చాలామంది నెల అయిదో తారీఖున పెడతారు. రాముడు వచ్చే ఏర్పాటు ఉందో లేదో గాని, వస్తే అసలుతో పాటు చెక్ బౌన్సు ఛార్జీలు కూడా తెచ్చుకోమని మనవి.

వరదలకు సిద్ధంగా ఉండండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నేను అప్పుడు హుజూర్‌నగర్ వైపు నుంచి మూడు వందల అరవై బస్తాల సిమెంటుతో కుంటకు పోతున్నాను. పాల్వంచ దాటాక రోడ్డు పక్కన ఆపేశాను. నా వెనకే ఒక బొలెరో ఆగింది, నిండా టమాటా ట్రేలు. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల కుర్రాడు. గంటకోసారి దిగి ట్రేలు వాసన చూసి వచ్చేవాడు.

"మీకేం అన్నా, సిమెంటు కుళ్లదు" అన్నాడు.

"తడిస్తే గడ్డ కడుతుంది తమ్ముడూ. నీకేం, చిన్న బండి, ఎక్కడైనా తిప్పుకుంటావు" అన్నాను, పట్టా తాళ్లు బిగిస్తూ.

రెండో రోజు పొద్దునకు వాడు టమాటాలు లారీల వాళ్లకే కిలో లెక్కన అమ్మడం మొదలెట్టాడు. మధ్యాహ్నానికి డబ్బుల్లేకుండా పంచాడు. ఆ రోడ్డు మీద ప్రతి లారీ కింద టమాటా పప్పే. తింటూ నా బండి చుట్టూ తిరిగాడు. టైర్లు తన్ని చూశాడు, క్యాబిన్ ఎక్కి కూర్చున్నాడు, ఎంతకొస్తుందని అడిగాడు. నేను వాడి బొలెరో మైలేజీ అడిగాను. ఇద్దరం నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం.

మరుసటి ఏడాది నాకు వరసగా నాలుగు కిస్తీలు తప్పాయి. ఒక తెల్లవారుజామున బండి నిలబెట్టినచోట లేదు. పేపర్లు తెచ్చి చూపించారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండు నెలలకు వాడి దగ్గర్నుంచి ఫోను.

"అన్నా, బొలెరో అమ్మేశా. సీజింగ్ యార్డులో పది టైర్ల బండి ఒకటి తక్కువకొస్తోంది. అద్దం మీద అమ్మ దీవెన అని ఉంది. తీసుకోమంటావా?"

"ముందు టైర్లు రెండూ కొత్తవే, వెనకవి రీబటన్ తమ్ముడూ" అన్నాను. "ఇంతకీ నీ బొలెరో ఎవరికిచ్చావు?"