చంక దగ్గర లూజు

మీ ఇంట్లోనూ ఇలాంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. కొన్న రోజున వచ్చినవాళ్లందరికీ చూపించి, నెల తిరక్కుండా గోనెపట్టా కప్పి మెట్ల కిందకి తోసేసినది. ఒకరింట్లో అది ట్రెడ్‌మిల్లు, ఇంకొకరింట్లో చపాతీలు చేసే యంత్రం. మా ఇంట్లో నాలుగు టైర్లు.

సంగతేమిటంటే, మాకొక థార్ ఉంది. 2020లో వచ్చిన కొత్త మోడల్లో 16 అంగుళాల రిమ్ముల రకం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రాజమండ్రిలో ఉండేవాడికి ఫోర్ వీల్ డ్రైవ్ ఎందుకని మీరు అడగక్కర్లేదు, మా ఆవిడ అప్పుడే అడిగేసింది. "మారేడుమిల్లి అడవులకి వెళ్దాం, గుడిసె కొండ ఎక్కుదాం" అన్నాను. ఏడాదిన్నర తిరిగేసరికి మా బండి ఎక్కిన అన్నిటికన్నా పెద్ద ఎత్తు గోదావరి బ్రిడ్జి.

అయినా సుఖంగానే ఉన్నాం. ఒకరోజు సాయంత్రం దేవీచౌక్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే, పక్కకి ఇంకో థార్ వచ్చి ఆగింది. అదే రంగు. నడిపేవాడికి పాతికేళ్లుంటాయి. టైర్లు మాత్రం ట్రాక్టరు వాళ్ల చుట్టంలా ఉన్నాయి. కుర్రాడు నన్ను చూడలేదు, నా టైర్లని చూశాడు. చూసి ఊరుకున్నాడు. ఓ మాట అన్నా ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఇంటికొచ్చి బండి చుట్టూ తిరిగి చూసుకుంటే, పంచె ఎగ్గట్టిన పహిల్వానుకి పిక్కలు సన్నగా ఉన్నట్టు కనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పాఠం మొదలుపెట్టాను. "మన టైరు మీద 245/75 ఆర్ 16 అని ఉంటుంది. 245 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి 75 వంతు. చివర 16 అంటే రిమ్ము, అంగుళాల్లో." ఒక్క సైజులో మిల్లీమీటరు, శాతం, అంగుళం! పెళ్లి సరుకుల చీటీ నయం. అందులో బియ్యం బస్తాల్లో, నూనె డబ్బాల్లో, కొత్తిమీర కట్టల్లో రాసినా వంటవాడికి అర్థమవుతుంది.

"మధ్యలో ఆర్ అంటే ఏంటి నాన్నా?" అంది మా అమ్మాయి.

"రేడియస్" అన్నాను, పప్పు కలుపుకుంటూ.

"రేడియల్. లోపల దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా వేసే పద్ధతి. 16 అంగుళాలు రేడియస్ అయితే ఒక్క రిమ్మే రెండున్నర అడుగుల పైన ఉంటుంది కదా."

వాళ్లమ్మ నవ్వు కనపడకుండా పెరుగు గిన్నె వైపు తిరిగింది.

నేను తగ్గలేదు. 285/75 ఆర్ 16 వేయిస్తానని ప్రకటించాను. కాగితం మీద లెక్క కూడా కట్టాను. పాత టైరు నేల నుంచి నెత్తి దాకా 774 మిల్లీమీటర్లు, కొత్తది 834. "చూశారా, 60 మిల్లీమీటర్లు! బండి రెండంగుళాల పైన లేస్తుంది."

మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మా వీధిలో సగం పెళ్లిళ్లు ఆవిడ కత్తెర కింద నుంచే వెళ్లాయి. కొలతల విషయంలో ఆవిడ జోలికి వెళ్లకూడదని ఇరవై రెండేళ్ల కాపురంలో నాకు తెలిసుండాల్సింది.

"లేచేది ఇరుసు కదండీ. ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది. 60 పెరిగితే అది లేచేది 30. అంగుళం మీద కాస్త" అంది.

పొద్దున్నే మెళ్లో టేపుతో బండి దగ్గరకి వచ్చింది. "స్టీరింగు ఆ చివరిదాకా తిప్పండి" అంది. తిప్పాను. మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టి తడిమింది. ఈ చివరికి తిప్పమంది. మళ్లీ తడిమి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"ఇక్కడ జాగా లేదండీ. ఛాతీ కొలత ఒక్కటే చూసి జాకెట్టు కుట్టేస్తే సరిపోదు, చంక దగ్గర లూజు వదలాలి. చెయ్యి కిందకి ఉన్నంతసేపూ చక్కగానే ఉంటుంది. ఎత్తినప్పుడే పిగిలేది. మీ చక్రమూ అంతే, మలుపులో తిరుగుతుంది, గోతిలో పడితే పైకి లేస్తుంది." తర్వాత డ్రైవరు వైపు డోరు తీసి, స్తంభం మీది స్టిక్కరు మీద వేలు పెట్టింది. "అయినా ఏ సైజు వెయ్యాలో, గాలెంత పట్టాలో ఇక్కడ రాసే ఉందిగా."

"టైలరింగు వేరు, ఆటోమొబైల్ వేరు" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు.

షాపులో వెడల్పు టైరుకి వెడల్పు రిమ్ము కావాలన్నారు. దాంతో రిమ్ములూ వచ్చాయి. మొత్తం ఎంతయిందో ఇక్కడ రాయను, ఈ పత్రిక మా ఇంటికీ వస్తుంది. "ఐదు పంపమంటారాండి?" అని ఓనరు అడిగాడు. ఆదా చేసే అవకాశం అదొక్కటే కనిపించి, నాలుగు చాలన్నాను. స్టెప్నీ అనే మాట వేల్స్‌లో లనెల్లి అనే ఊళ్లో ఉన్న స్టెప్నీ వీధి పేరు మీద వచ్చిందని అక్కడున్న అందరికీ వివరించాను కూడా. స్టెప్నీ చరిత్ర చెప్పాను గానీ స్టెప్నీ కొనలేదు.

ఇంటి గేటు దగ్గర మలుపు తిప్పగానే "గర్ర్" మంది. లోపలి ప్లాస్టిక్‌ని టైరు గీకుతోంది. వరండాలో కుట్టు మిషను ఆగింది. ఆవిడ ఏమీ అనలేదు. మిషను మళ్లీ నడిచింది. అనేస్తే బాగుండేది.

మా అత్తగారు బండెక్కడానికి పీట కావాల్సి వచ్చింది. టైర్లేమో బురదలో పోయే రకం, తారు రోడ్డు మీద జోరీగలా ఒకటే హోరు. మైలేజీ పడిపోయింది. దానికి మాత్రం నా దగ్గర శాస్త్రం ఉంది: చక్రం పెద్దదైతే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలీదు, పాత లెక్కే వేస్తుంది. మీటరు 100 కిలోమీటర్లంటే నిజానికి మనం 107 పైన తిరిగినట్టు. "కాబట్టి మైలేజీ మీరనుకున్నంత పడిపోలేదు" అన్నాను గెలిచినట్టు.

"అంటే మీటర్లో 80 చూపిస్తున్నప్పుడు నువ్వు 86లో పోతున్నావన్నమాట" అంది అమ్మాయి. 80 దాటనని వాళ్లమ్మకి ఒట్టేసి ఉన్నాను. పైగా అది మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 చదివి వినిపించింది. కంపెనీ చెప్పినదానికీ రిజిస్ట్రేషన్లో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదట. ఇన్సూరెన్సు వాళ్లు అడిగితే ఏం చెప్తావంది. నేను టీవీ చూస్తున్నాను.

చివరికి మారేడుమిల్లి ప్రయాణం పెట్టుకున్నాం. రంపచోడవరం దాటాక, వాన పడి వెలిసిన ఒక మట్టిదారిలోకి దింపాను. టైర్ల తడాఖా చూపించాలి కదా. ఫర్లాంగు పోలేదు, రాయి ఒకటి టైరు పక్కగోడని చీల్చింది. చెమటలు కక్కుతూ పాత స్టెప్నీ బిగించాను. మూడు చక్రాలు పెద్దవి, ఒకటి చిన్నది. బండి ఒక కాలు చెప్పులో, ఒక కాలు బురదలో పెట్టుకుని నిలబడ్డట్టుంది.

అది కదల్లేదు. ఫోర్ వీల్ వెయ్యబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా ఇరుసుల్ని కలిపి ఒకే లెక్కన తిప్పుతుంది. చక్రాల సైజు తేడాగా ఉంటే, పొడుగెద్దునీ పొట్టెద్దునీ ఒకే కాడికి కట్టినట్టు ఒకదాన్నొకటి పీక్కుంటాయి, గేర్‌బాక్సు పోతుంది. అంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాక మొదటిసారి ఫోర్ వీల్ కావాల్సిన చోట అది వెయ్యడానికి లేదు.

అప్పుడొచ్చిందండీ ఒక పాత జీపు. సన్నని, అరిగిపోయిన టైర్లు. లోపల పదిమంది, పైన అరటిగెలలు. ఆ బురదలోనే మమ్మల్ని దాటుకుని వెళ్లి ఆగింది. నెరిసిన మీసాల డ్రైవరు దిగొచ్చి, నా టైరుని కాలితో ఓ తన్ను తన్నాడు. "ఎంత గాలండీ?"

"32" అన్నాను.

"బురదలో అంత గాలి ఎవరైనా ఉంచుతారాండి? తగ్గిస్తే టైరు నేల మీద పరుచుకుంటది, పట్టు దొరుకుతది." అగ్గిపుల్లతో వాల్వు నొక్కి మూడు పెద్ద టైర్లలోనూ గాలి వదిలేశాడు. మా అమ్మాయి గేజీ పెట్టి చూస్తే 20 దగ్గర ఉన్నాయి. "ఇప్పుడు ఫోర్ వీల్ వెయ్యండి. బురదలో చక్రాలు జారతాయి కాబట్టి కాసేపటికి ఫర్వాలేదు. తారెక్కగానే తీసేయండి. గాలి పట్టించుకునేదాకా మెల్లిగా పోండి."

బండి బయటపడింది. గాలి వదలడానికి ఆయన తీసుకున్నది ఏమీ లేదు, ఇస్తే వద్దన్నాడు. వెనక సీట్లో మా ఆవిడ కిటికీలోంచి అడవిని చూస్తోంది.

"జీపు నడపడం వేరు, ఆటోమొబైల్ వేరు, కదమ్మా?" అంది మా అమ్మాయి.

మర్నాడే పాత టైర్లు పాత రిమ్ములతో సహా వెనక్కి వచ్చేశాయి. 245/75 ఆర్ 16, స్టిక్కరు మీద ఉన్నట్టే. గేటు దగ్గర బండి చప్పుడు లేకుండా తిరిగింది. మా అత్తగారు పీట లేకుండానే ఎక్కారు. దేవీచౌక్ మీదుగా వెళ్లడం మాత్రం మానేశాను, చుట్టూ తిరిగి పోతున్నాను.

మీకు తెలిసినవాళ్లలో ఎవరికైనా 285/75 ఆర్ 16 టైర్లు, రిమ్ములతో సహా, కావాలంటే చెప్పండి. నిండా 900 కిలోమీటర్లు కూడా తిరగలేదు, మీటరు లెక్కన అయితే ఇంకా తక్కువ. మూడు నికరంగా ఉన్నాయి, నాలుగోదానికి పక్కన చీలిక. కొనేముందు మీ బండి చక్రం దగ్గర ఎంత జాగా ఉందో కొలిపించుకోవాలంటే టేపు మా ఇంట్లోనే ఉంది. బేరం కూడా ఆవిడతోనే.