నల్లకోటు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

నల్లకోటు దొడిగి నాలుగేండ్లు దిరిగి
సంచి మోసి మోసి సాయమాయె
చేతికేమి వచ్చె, జీతమెంత యనిన
వాయిదాయె దక్కె, వత్స, నీకు!

అవతారిక: కోర్టు వరండాలో నోటీసు బోర్డు పక్కన, గోడ మీద పెన్సిలుతో రాసి ఉన్న ఆటవెలది ఇది. కర్త ఎవరో తెలియదు. అక్షరాల వాలు చూస్తే వకాల్తనామాలు నింపి నింపి అలిసిన చెయ్యి. సీనియర్ గారి ఆఫీసు మెట్ల మీద కూర్చున్న జూనియర్ తనలో తాను, సీనియర్ గొంతుతోనే, మాట్లాడుకోవడం సందర్భం. కుర్రవాళ్లకు ప్లీడరీ మీద మనసెందుకు పోవడం లేదని పెద్దలు సభల్లో వాపోతుంటారు. జవాబు ఈ నాలుగు పాదాల్లోనే ఉన్నదని వ్యాఖ్యాత మతం.

టీక:

నల్లకోటు = నలుపు రంగు గల కోటును; దొడిగి = ధరించి. వేసవిలో కింది కోర్టుల్లో కోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలే చెబుతున్నాయి. సుప్రీంకోర్టుకు, హైకోర్టులకు మాత్రం ఆ సడలింపు లేదు. మరి కవి ‘దొడిగి’ అని ఎందుకన్నాడు? కోటు లేని జూనియర్‌ను కక్షిదారు గుమస్తా అనుకుంటాడు కనుక. కోటు తొడగాలంటే ముందు బార్ కౌన్సిల్లో పేరు నమోదు కావాలి. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం దానికి రుసుము 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు ఆ నిధి, ఈ నిధి అంటూ వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చాయి. చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోరాదని సుప్రీంకోర్టు 2024 జులై 30న చెప్పేదాకా, చట్టం చదివినవాడికి జరిగిన మొదటి అన్యాయం చట్టం వాకిట్లోనే జరిగింది.

నాలుగేండ్లు దిరిగి = నాలుగు సంవత్సరములు సంచరించి. మూడు అనక నాలుగు అననేల? జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్లు ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇది కొత్త నిబంధన కాదు. 1993లో పెట్టారు, 2002లో తీసేశారు, మళ్లీ పెట్టారు. నాలుగో ఏడు నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. యతి కోసం ‘నాలుగు’ వేశాడని ఛాందసులు అంటారు. వారికి ఉద్యోగ ప్రకటనల సంగతి తెలియదు. ప్రాక్టీసు చేసినట్టు ధ్రువపత్రం కోర్టు ప్రధాన న్యాయాధికారి గానీ, ఆయన ఆమోదంతో పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది గానీ ఇవ్వాలి. ఆ కాగితం సీనియర్ చేతిలో ఉంటే, జీతం ఇవ్వలేదని పేచీ పెట్టుకునే వీలు కూడా జూనియర్‌కు మిగలదు.

సంచి మోసి మోసి = కేసు కట్టలు, డైరీ, ఏఎల్‌టీ, ఏఎల్‌డీ తీర్పుల సంపుటాలు గల సంచిని మరల మరల వహించి. ఆమ్రేడితం శ్రమను సూచించును. మెదడు మోయవలసినది భుజం మోయుచున్నదని ధ్వని.

సాయమాయె = సాయంకాలమాయెను. ‘సహాయమాయెను’ అని కొందరు అర్థం చెప్పారు. వారందరూ సీనియర్లు.

చేతికేమి వచ్చె, జీతమెంత యనిన = చేతికి ఏమి వచ్చినది, జీతము ఎంత అని ప్రశ్నించగా. పద్యానికి ఆయువుపట్టు ఇదే. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, పల్లెల్లో 15,000 రూపాయల భృతి ఇవ్వడం మంచిదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. ‘మంచిది’ అన్నది గమనించాలి. అది విధి కాదు, హితవు. హితవుతో మెస్సు బిల్లు తీరదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన లా నేస్తం పథకం మొదటి మూడేళ్లకు నెలకు 5,000 చొప్పున ఇస్తామంది. ఇవ్వవలసిన సీనియర్ ఇవ్వకపోతే సర్కారు పూనుకోవలసి వచ్చిందన్నమాట. మరి వేరే చోట సంపాదించుకుంటాడా? ప్రాక్టీసులో ఉన్నవాడు పూర్తికాలపు జీతపు ఉద్యోగం చేయరాదు. ప్రకటనలు ఇచ్చుకోరాదు. ఈడు వాళ్లందరూ రీల్స్‌తో గిరాకీ తెచ్చుకుంటున్న కాలంలో ఇతను తన పేరు బోర్డు కూడా నియమాలు చూసుకుని పెట్టుకోవాలి.

వాయిదాయె దక్కె = వాయిదా మాత్రమే లభించెను. ఒక కక్షికి విచారణ దశలో మూడుకు మించి వాయిదాలు ఇవ్వరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు, 1వ రూలు. తప్పనిసరి పరిస్థితుల్లో మించవచ్చునని 2005లో సుప్రీంకోర్టు వివరించింది. ఆ వివరణ నీడలో దేశమంతా చల్లగా కూర్చున్నది. పెండింగు కేసులు 5 కోట్లు దాటాయి. మొదటి ఏడాది జూనియర్‌కు పట్టుబడే వాక్యం ఒకటే: ‘సీనియర్ హైకోర్టులో ఉన్నారు, సమయం ఇప్పించండి.’ పొద్దున కేసులు పిలిచే కాల్ వర్క్‌లో ఆ వాక్యం, మధ్యాహ్నం కేసు కాసేపాగి పిలవమని పాస్ ఓవర్ అడగడం, సాయంత్రం తర్వాతి తేదీ డైరీలో రాసుకోవడం. సాక్షిని క్రాస్ చేయాలని చదివినవాడు తేదీలు రాసే పంచాంగకర్త అవుతున్నాడు.

వత్స = ఓ నాయనా. పుంలింగం. ‘వత్సే’ అనే పాఠాంతరం ఉన్నా పద్యంలో చోటు దొరకలేదు. బారులోనూ అంతే. దాదాపు 17 లక్షల న్యాయవాదుల్లో స్త్రీలు 15 శాతమేనని, 6,000 కింది కోర్టుల్లో సుమారు 22 శాతానికి ఆడవాళ్ల మరుగుదొడ్లే లేవని 2021లో నాటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ చెప్పారు. దీనికి అలంకారశాస్త్రంలో పేరు వెదకడం అనవసరం.

నీకు = నీకు.

తాత్పర్యం: ఓ నాయనా! ఎండలో కోటు వేసుకుని ఏళ్ల తరబడి తిరిగావు. కట్టలు మోశావు. పొద్దుపోయింది. ఏమిచ్చారని ఇంట్లో అడిగితే చూపించడానికి వచ్చే నెల తేదీ ఒకటే ఉన్నది.

పూర్వపక్షం: కుర్రవాళ్లకు మనసు లేదనడం అబద్ధం. హైదరాబాదులో 1998 నుంచి నల్సార్, విశాఖలో 2008 నుంచి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. క్లాట్, లాసెట్ ప్రవేశ పరీక్షలకు ఏటేటా పిల్లలు బారులు తీరుతున్నారు కదా?

సిద్ధాంతం: నిజమే, తీరుతున్నారు. తీరేది కాలేజీ ముందు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల నుంచి చురుకైనవారు కార్పొరేట్ లా ఫర్ముల వైపు పోతున్నారు. అక్కడ మొదటి నెలే జీతం పడుతుంది. మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరేవారిలో ఉద్యోగం చేస్తూనే చదివేవారూ, రిటైరయ్యాక చదివేవారూ, భూముల వ్యాపారానికి పనికొస్తుందని చదివేవారూ ఉన్నారు. కోర్టులో నిలబడి వాదించే బతుకు మీదే విముఖత. అదీ అందరికీ కాదు. తండ్రి ప్లీడరైతే పిల్లవాడికి గది ఉంది, గుమస్తా ఉన్నాడు, కక్షిదారులు ఉన్నారు, పదేళ్లు ఆగే ఓపిక ఉంది. లేనివాడు రెండో ఏడుకే కోటు విప్పి గ్రూప్స్ కోచింగుకు పోతున్నాడు. ఇది ఆసక్తి కరువు కాదు, పెట్టుబడి కరువు అని మా నిశ్చయం.

ఇక్కడ టంగుటూరి ప్రకాశం పంతులు గారిని ఉదాహరించడం ఆచారం. ఒంగోలులో పూటకూళ్లు నడిపిన తల్లి కొడుకు. రాజమండ్రిలో ప్లీడరై, ఇంగ్లండులో బారిస్టరై, మద్రాసులో లక్షలు గడించి, 1921లో స్వాతంత్ర్యోద్యమం కోసం ప్రాక్టీసు వదిలేశారు. పట్టుదల ఉంటే పేదవాడికీ బారు తెరిచే ఉంటుందనడానికి పెద్దలు ఈ కథే చెబుతారు. అయితే కథలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఉన్నారని చెప్పడం మరిచిపోతారు. ఆ మాస్టారు పిల్లవాణ్ణి రాజమండ్రి తీసుకుపోయి చదివించబట్టే ప్రకాశం గారు ఉన్నారు. పట్టుదల కుర్రవాడిదే. అన్నం మాత్రం ఎవరో ఒకరు పెట్టాలి.

ఈ తరం జూనియర్‌కు మరో విశేష కష్టం. కళాశాలలో 1860 నాటి శిక్షాస్మృతిని వల్లె వేశాడు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్య 302 నుంచి 103కు మారింది, మోసం 420 నుంచి 318కి మారింది. పాత కేసులకు పాతవి, కొత్త కేసులకు కొత్తవి. రెండు చదువులు చదివినా భృతి ఒకటి కూడా రాలేదు.

వ్యాఖ్యాత విన్నపం: సీనియర్ గారూ, బార్ కౌన్సిల్ సర్క్యులర్ హితవు మాత్రమేనని మీకు తెలుసు. దాన్ని ఆజ్ఞగా పాటించడానికి ఏ సెక్షనూ అడ్డు రాదు. వచ్చే ఒకటో తారీఖున మీ జూనియర్ ఖాతాలో ఆ డబ్బు వేయండి. వాయిదా అడక్కండి.