గుండె బాబాయ్ కానుకలు

చికాగో పక్క నేపర్‌విల్‌లో మనవాళ్ల గృహప్రవేశానికి వెండి కుంకుమభరిణె తెచ్చేవాళ్లుంటారు, గిఫ్టు కార్డుతో సరిపెట్టేవాళ్లుంటారు. గుండె బాబాయ్ మాత్రం బీపీ మిషను తెస్తాడు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఇంటాయన జబ్బకి పట్టీ చుట్టి, "మాట్లాడకు. కాళ్లు నేలకి ఆనించు" అంటాడు. పంతులుగారి మంత్రం ఆగదు, మిషను బుసా ఆగదు.

ఆయన డాక్టరేం కాదు. ఐటీలో రిటైరయ్యాడు. తనకి స్టెంటు వేసినప్పటినుంచి ఊరందరి గుండెలూ ఆయన పూచీ అయిపోయాయి. మన దక్షిణాసియా వాళ్ల గుండెల మీద 2010లో మొదలైన ‘మసాలా’ అనే అధ్యయనం గురించి, అందులో మన చికాగో నార్త్‌వెస్టర్న్ వాళ్లు కూడా ఉన్నారని, బిర్యానీ వడ్డించే క్యూలోనే చెబుతాడు. మనకి బీఎంఐ 23కి చేరినా చాలు, షుగరు పరీక్ష చేయించుకోవాలట. ఆ మాట వినగానే ముందున్నవాడు గరిట వెనక్కి పెట్టేస్తాడు. వెనకున్నవాడు అందుకుంటాడు.

ఫిబ్రవరి వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. 1963 డిసెంబరులో ప్రెసిడెంటు జాన్సన్ దాన్ని గుండె మాసంగా ప్రకటించింది తన కోసమే అన్నట్టుంటాడు. వాలెంటైన్స్ డేకి పిన్నికి గులాబీలు కాదు, అవిసెగింజలు తెచ్చాడు. ఆవిడ వాటిని దోరగా వేయించి, ఎండుమిర్చీ వెల్లుల్లీ చేర్చి, ఉప్పు దిట్టంగా వేసి కారప్పొడి కొట్టింది. "రోజు మొత్తానికి సోడియం 2,300 మిల్లీగ్రాములే. అంటే ఒక్క టీస్పూను ఉప్పు!" అని బాబాయ్ గోల. "మా అమ్మ ఆవకాయకి ఉప్పు సోలతో కొలిచేది" అని పిన్ని.

పెళ్లిరోజంటే వాకింగ్ బూట్లు, పుట్టినరోజంటే తాడాట తాడు. మంచు పడి రివర్‌వాక్ జారుడుబండ అయితే అందర్నీ ఫాక్స్ వ్యాలీ మాల్‌కి తోలుకుపోయి చుట్లు తిప్పుతాడు, ఒక్క షాపు వైపూ చూడనివ్వకుండా. నవ్వుకుంటాం గానీ, ఓ గృహప్రవేశంలో మిషను చూపించిన అంకెకి ఒకాయన భోజనం మానేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాడు. వెళ్లడమే మంచిదైంది. అప్పటినుంచి బాబాయ్‌ని పట్టలేం.

ఈమధ్య ఆ మిషన్లకి యాప్ వచ్చింది. మన ఫోన్లో ఆయనే పెట్టి, మన అంకెలు తన ఫోనుకి చేరేలా నొక్కిపోతాడు. మర్నాడు ఫోను:

"రాత్రి 9:40కి 152 ఏవిట్రా? ఏమైంది?"

"అప్పుడే మీ ఫోనొచ్చింది బాబాయ్."

"అలాగా... సరే, ఇకమీదట 9:30కే చేస్తాలే."