గొలుసు ఒకటి, రెండున్నర తులాలు

ఆత్మకథ చెప్పుకునేవాళ్లు 'నేను' అంటారు. ఆలూరులో అవ్వ మెడలో ఉన్న ఈ గొలుసు మాత్రం అనదు. కుదవ చీటీల్లో ప్రతిసారీ 'గొలుసు ఒకటి, రెండున్నర తులాలు' అని రాయించుకుని రాయించుకుని, తన గురించి తాను కూడా అట్లాగే చెప్పుకోవడం దానికి అలవాటైపోయింది.

గొలుసు పుట్టింది ఆదోనిలో. పత్తి బాగా పండిన ఒక ఏడాది తాత మార్కెట్ యార్డు నుంచి నేరుగా కంసాలి దగ్గరికి నడిచాడు. తుగ్గలి మండలం జొన్నగిరిలో బంగారు గని వచ్చిందని ఈమధ్య ఊరంతా చెప్పుకుంటోంది కానీ, దానితో ఈ గొలుసుకు ఏ చుట్టరికమూ లేదు.

అందరూ దాన్ని నగ అనుకున్నారు. అది చేసిన ఉద్యోగం వేరు. ఆ ఇంటికి ఆరోగ్య బీమా అదే. తాతకు కడుపులో గడ్డ అన్నప్పుడు, కోడలి కాన్పు అడ్డం తిరిగినప్పుడు అవ్వ మెడ దిగి ఆదోని శేటు ఇనప్పెట్టెలోకి వెళ్లింది. నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకు. ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. కంపెనీలు దీన్నే ప్రీమియం అంటాయి. తేడా ఏమిటంటే కంపెనీకి జబ్బు రాకముందు కట్టాలి, శేటుకు వచ్చాక కట్టాలి. ఆ వడ్డీ తీర్చడానికే ఇంటిల్లిపాదీ సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లు.

ఆ ఇంట్లో పెద్దాసుపత్రి అంటే బళ్లారి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. జిల్లా మారినా కాళ్లు అటే పోతాయి, కర్నూలు కంటే అదే దగ్గర. అవ్వ పుట్టిల్లూ ఆ వైపే. ప్రభుత్వం చెయ్యి వేస్తే బీమా ఎంత చవకవుతుందో గొలుసు మొదట విన్నది అక్కడే. కర్ణాటకలో 2003లో యశస్విని పథకం మొదలైంది. గుండె వైద్యుడు దేవీ శెట్టి ఆలోచన అది. సహకార సంఘంలో సభ్యుడైన రైతు మనిషికి నెలకు ఐదు రూపాయలు కడితే ప్రభుత్వం కొంత కలిపేది. అవ్వ తమ్ముడు కట్టాడు.

"ఏడాదికి అరవై రూపాయలకు ఆపరేషనా? ఎవురు నమ్ముతారప్పా!" అన్నాడు తాత.

నమ్మిన వాళ్లకు ఆపరేషన్లు జరిగాయి. కానీ అరవై అరవైగా ఉండలేదు. రుసుము పెరుగుతూ పోయింది, 2018లో పథకమే ఆగింది, 2022లో మళ్లీ తెచ్చినప్పుడు పల్లెలో నలుగురున్న కుటుంబానికి 500 రూపాయలు పెట్టారు. ఎస్సీ, ఎస్టీల వంతు ప్రభుత్వానిదే. లాభం కోసం నడిపే కంపెనీయే ప్రీమియం పెంచుతుందని అవ్వ తమ్ముడి వాదన. గొలుసుకు అది పూర్తిగా ఒప్పనిపించదు. ఆసుపత్రి బిల్లు పెరిగితే సహకార సంఘమైనా పెంచకుండా ఏం చేస్తుంది?

ఇవతలి వైపు 2007 ఏప్రిల్ 1న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. మరుసటి ఏడాదికి కర్నూలు జిల్లాకూ వచ్చింది. తెల్లకార్డు ఉంటే రెండు లక్షల దాకా వైద్యం, పేదవాడు ఒక్క రూపాయి ప్రీమియం కట్టనక్కర్లేదు. మొదట్లో ప్రభుత్వం బీమా కంపెనీకి కట్టేది, తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించడం మొదలుపెట్టింది. తాతకు గుండె ఆపరేషన్ అన్నరోజు అవ్వ చెయ్యి అలవాటు ప్రకారం మెడ దగ్గరికి పోయింది. కౌంటరు దగ్గర కూర్చున్న ఆరోగ్యమిత్ర అడిగింది మాత్రం కార్డు. గొలుసు మెడలోనే ఉండి ఆలూరు బస్సెక్కింది. అన్నేళ్ల ఉద్యోగంలో దానికి దొరికిన మొదటి సెలవు అదే.

గొలుసుకు పార్టీల్లేవు. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. కార్డు మీద బొమ్మ మారినప్పుడల్లా అవ్వ పాతదాన్నీ దాచింది, ఏది ఎప్పుడు పనికొస్తుందో అని. పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలకు పెరిగింది. పరిమితి పెంచడానికి జీవో చాలు, బిల్లు చెల్లించడానికి డబ్బు కావాలి. 2,700 కోట్ల బకాయి ఉందని చెబుతూ 2025 అక్టోబరు 10 నుంచి ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలు ఆపేశాయి. ఆ రోజుల్లో అవ్వ గొలుసును రెండుసార్లు తడుముకుంది.

ఆమె కొడుకు బెంగళూరులో ఉంటాడు. కార్డును నమ్ముకోలేక తల్లికి ఒక ప్రైవేటు పాలసీ తీసుకున్నాడు. ఆమెకు షుగరు ఉంది కాబట్టి దానికి సంబంధించిన జబ్బులకు మూడేళ్లు ఆగాలన్నారు. ప్రీమియం మాత్రం ఆగలేదు, ఏటా పెరిగింది. వయసు పెరిగిందని ఒకసారి, వైద్యం ఖర్చు పెరిగిందని ఒకసారి. 60 దాటినవాళ్లకు ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందు తనను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ 2025 జనవరిలో కంపెనీలకు చెప్పింది. ఆ సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. పోయిన పన్ను వచ్చే ఏడాది అసలు ప్రీమియంలో తిరిగి చేరదని చెప్పగలిగినవాళ్లు గొలుసుకు ఇంకా తగల్లేదు.

ఇప్పుడు రాష్ట్రమే మళ్లీ కంపెనీల వైపు తిరిగింది. 2025 సెప్టెంబరు 4న మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం 1.63 కోట్ల కుటుంబాలకు 2.5 లక్షల దాకా బీమా కంపెనీ చూసుకుంటుంది, ప్రీమియం ప్రభుత్వం కడుతుంది. ఆపైన 25 లక్షల దాకా పేదలకు ట్రస్టు. అదే సమావేశంలో ఆదోని వైద్య కళాశాలతో సహా పదింటిని ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని తీర్మానించారు.

పండక్కి వచ్చిన కొడుకూ మేనమామా దీని మీదే అరుచుకున్నారు.

"కంపెనీకి పోసేది ఆదోని ఆసుపత్రికే పోస్తే డాక్టర్లు వస్తారు గదరా," అన్నాడు మేనమామ.

"వచ్చేదాకా జబ్బు ఆగుతుందా మామా? కంపెనీ అయితే పదిహేను రోజుల్లో ఆసుపత్రికి డబ్బు పడాలంట. ట్రస్టు ఎన్ని నెలలు తీసుకుందో చూసినావు గదా," అన్నాడు కొడుకు. అమెరికాలో బీమా సబ్సిడీల తగవుతో ప్రభుత్వమే 43 రోజులు మూతబడిందని కూడా చెప్పాడు.

"మూతబడితే అక్కడోళ్లు బంగారం కుదవ పెట్టుకున్నారేమో," అంది అవ్వ. ఎవరూ నవ్వలేదు. గొలుసుకు మాత్రం ఆ మాట నచ్చింది.

2025లో పది గ్రాముల బంగారం లక్ష దాటింది. ఏ ప్రీమియమూ కట్టకుండానే గొలుసు ఇచ్చే భరోసా పెరిగిపోయింది. రిజర్వు బ్యాంకు కూడా ఆ జూన్‌లో కొత్త నియమాలు పెట్టింది. 2.5 లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చంది, 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చేయాలంది. రాష్ట్రం బీమా కంపెనీకి అప్పగించాలనుకున్నదీ 2.5 లక్షల దాకానే. ఇద్దరూ ఒకే అంకె దగ్గర ఎందుకు ఆగారో గొలుసుకు అంతుబట్టలేదు.

పోయిన నెల కొడుకు ఫోన్ చేశాడు. పాలసీ గడువు దగ్గరపడింది, ఈసారి మళ్లీ పెంచారు, పిల్లల ఫీజుల వేళ చేతిలో డబ్బు లేదు, వదిలేద్దామా అన్నాడు.

"వదిలేస్తే మళ్లీ మొదటినుంచి మూడేళ్లు ఆగాలంటారు గదరా. గొలుసు పెట్టి కడదాంలే," అంది అవ్వ. "శేటు దగ్గర కాదు, బ్యాంకులో."