కవర్ ఫ్రీయేగా?

ఆదివారం పొద్దున్నే మా సైనిక్‌పురి ఇంటి గేటు ముందు ట్యాబ్ పట్టుకుని ఓ అమ్మాయి నిలబడింది. పరిశోధన చేస్తోందట. "అంకుల్, కాలనీలో, కాప్రా చెరువులో ప్లాస్టిక్ సగానికి సగం తగ్గుతుందంటే నెలకు ఎంతిస్తారు?" అంది.

ధర్మగుణం పొంగుకొచ్చి రెండొందలన్నాను. పక్కింటి కల్నల్‌గారు ప్రహరీ మీదుగా తల ఎత్తి "నాకు అయిదొందలు రాసుకోమ్మా" అన్నారు. సరిహద్దులు కాచిన మనిషి ఎదురుగా ఉండగా నేను రెండొందల దగ్గర ఆగితే ఏం బాగుంటుంది? ఆరొందలు చేశాను. ఆ అమ్మాయి పాపం, నవ్వకుండా రాసుకుంది.

సంతలో దొరకని సరుకుకి ఇలా ధర కట్టించడం కొత్తేమీ కాదు. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కా తీరాన చమురు ఒలకబోసింది. ఆ తీరం మొహం కూడా చూడని అమెరికన్లను ఇంటింటికీ వెళ్లి అడిగి, నష్టం 280 కోట్ల డాలర్లని తేల్చారు. ఈ నోటిమాట లెక్కల్ని నమ్మొచ్చా అన్న తగువు తీర్చడానికి కెనెత్ యారో, రాబర్ట్ సోలో అనే నోబెల్ పండితులు కూర్చోవాల్సి వచ్చింది. ఎంతిస్తావని అడక్కండి, ఇంత ఇస్తావా లేదా అని అడగండి, ముందు వాళ్ల జేబు సంగతి వాళ్లకు గుర్తుచేయండి అని 1993లో వాళ్లు చెప్పారు.

మా వీధిలో ఆ గుర్తుచేసే పని చెత్త ఆటో అతను చేశాడు. "సార్, రెండు నెలల పైసలు ఇంకా రాలే. నెలకు వందే కదా." ప్రహరీ మీద కల్నల్‌గారి తల మాయమైంది. నా దగ్గర చిల్లర లేకపోయింది.

సాయంత్రం కూరగాయలకెళ్లాను. ఇంట్లో మేకుకి పదకొండు గుడ్డసంచులు వేలాడుతున్నాయి. అక్కడే భద్రంగా ఉన్నాయి. కవర్‌కు అయిదు రూపాయలంది కొట్టావిడ. టమాటాలు కొన్నవాడికి కవర్ కొనే ఖర్మేమిటని వాదించి ఊరికే తెచ్చుకున్నాను. 2022 డిసెంబరు 31 నుంచి ప్లాస్టిక్ సంచి మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలని రూలు. ఆ కవర్‌లోంచి టమాటా రంగే కాదు, దాని మచ్చ కూడా కనబడుతోంది.

ఐర్లండ్‌లో 2002లో సంచికి 15 సెంట్ల పన్ను వేస్తే వాడకం తొంభై శాతం దాకా పడిపోయిందట. మన దేశంలో ఒకాయన, చండీగఢ్‌లో చెప్పుల సంచికి 3 రూపాయలు తీసుకున్నారని వినియోగదారుల ఫోరానికెళ్లి 2019లో గెలిచాడు. పేపర్లో చదివి నేనూ, కల్నల్‌గారూ చప్పట్లు కొట్టాం.

ఊరంతటి చెత్తతో పాటు మా చెత్తా పక్కనున్న జవహర్‌నగర్ గుట్టకే పోతుంది. గాలి మళ్లినప్పుడు వడ్డీతో సహా మాకే తిరిగొస్తుంది. కిటికీలు వేసుకుంటాం. అది మాత్రం ఉచితం.

నిజానికి మా వీధిలో ప్లాస్టిక్‌కి రొక్కం పెట్టే మనిషి ఒక్కడే, పాత సామాన్ల బండివాడు. నిన్న వచ్చాడు. "కవర్లొద్దు సార్, ఎవరు కొంటరు? సీసాలైతే కిలో పది ఇస్త." పదిహేనన్నాను. పదికి పైస పెరగదన్నాడు.

ప్రహరీ మీద తల మళ్లీ మొలిచింది. "పన్నెండుకు తగ్గకండి" అన్నారు కల్నల్‌గారు.