కళ్లు పచ్చబడక ముందే: ఒక కాలేయం కథ

పొట్టకు కుడివైపు, పక్కటెముకల చాటున ఉండే ఈ కాలేయం బరువు దాదాపు కిలోన్నర. లోపలి కండకు నొప్పి తెలిపే నరాలు లేవు. వాచినప్పుడు పైపొర సాగి కాస్త బరువుగా, సలుపుగా ఉంటుంది, అంతే. అందుకే తన జబ్బు సంగతిని కాలేయం ఇతర అవయవాల చేతనే చెప్పిస్తుంది.

కాలేయాన్ని వాచేలా చేసే హెపటైటిస్ వైరస్‌లలో ఎ, ఇ కలుషితమైన నీటితో, తిండితో వస్తాయి. 1955-56లో ఢిల్లీ తాగునీటిలో మురుగు కలిసి సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది ఇ వైరస్ పనేనని చాలా ఏళ్లకు, దాచి ఉంచిన రక్త నమూనాల వల్ల తేలింది. బి, సి వైరస్‌లు రక్తం ద్వారా, వాడిన సూదుల ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సోకుతాయి. బి లైంగికంగానూ సోకుతుంది.

వైరస్ చేరాక వారాల తరబడి ఏమీ తెలియదు. ఆ తర్వాత సన్నని జ్వరం, నీరసం, అన్నం చూస్తేనే వికారం. పొగతాగేవారికి సిగరెట్ మీదా రోత పుడుతుంది. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు.

అసలు ఆనవాలు మూత్రంలో ఉంటుంది: ముదురు డికాషన్ రంగు. ఆయువు తీరిన ఎర్రరక్తకణాల నుంచి పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపడం కాలేయం నిత్యకృత్యం. కణాలు దెబ్బతింటే అది రక్తంలోకి మళ్లి మూత్రంలో పడుతుంది. పేగులకు అందక మలం సుద్దలా పాలిపోతుంది. ఒళ్లు దురద పెట్టవచ్చు. రక్తంలో బిలిరుబిన్ డెసిలీటరుకు 2-3 మిల్లీగ్రాములు దాటాకే కళ్లు పచ్చబడతాయి. అప్పటికి జ్వరం తగ్గిపోయి కూడా ఉంటుంది. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించడం సామెత వరకే. ఆ పచ్చదనం కనిపించేది ఎదుటివారికి.

అప్పుడు పసరు మందుకు పరుగెత్తడం తెలుగు ఊళ్లలో మామూలే. ఎ, ఇ చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి కనుక, కోలుకున్న ఘనత పసరు ఖాతాలో పడుతుంది. ఈ విషయంలో కాలేయానికి కొంచెం కినుకే.

మగత, మాట తడబాటు, చిగుళ్ల నుంచి రక్తం, ఆగని వాంతులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేరాలి. గర్భిణికి చివరి మూడు నెలల్లో ఇ వైరస్ సోకితే ప్రాణాపాయం.

చిన్నపిల్లల్లో ఎ వైరస్ తరచు ఏ ఆనవాలూ లేకుండానే వచ్చిపోతుంది. బి, సి మాత్రం చడీచప్పుడు లేకుండా దశాబ్దాలు తిష్ఠవేసి కాలేయాన్ని గట్టిపరచగలవు, క్యాన్సర్‌కూ దారితీయగలవు. అవి ఉన్నదీ లేనిదీ తేల్చేది రక్తపరీక్షే: బి వైరస్‌కు హెచ్‌బీఎస్‌ఏజీ, సి వైరస్‌కు ముందు యాంటీ హెచ్‌సీవీ.