రెండో గీత ఆత్మకథ

నక్కపల్లిలో 16వ నంబరు హైవే మీద లారీల రొద ఆగదు. ఆసుపత్రి ల్యాబులో మాత్రం అందరి చూపూ ఒక చిన్న హెచ్‌ఐవీ పరీక్ష స్ట్రిప్ మీదే. వేలి నుంచి ఒక బొట్టు రక్తం, దానిపై రెండు చుక్కల మందునీళ్లు. ఎర్రటి తడి మెల్లగా పాకుతోంది.

"గీత పడిందా అండీ?"

"ఉండు బాబూ, టైమవ్వాలి."

ఆ స్ట్రిప్‌కే నోరుంటే ముందుగా పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటుంది. "నాలో వైరస్ లేదు, దాని ముక్క ఉందంతే." ఆ ముక్క జీపీ41 అనే ప్రొటీన్. ల్యాబులో తయారుచేసి, కంటికి కనబడని చారగా అంటించారు. హెచ్‌ఐవీ ఒంటి మీద మూడు జీపీ41లు కాడగా, మూడు జీపీ120లు టోపీగా కలిసి ఒక ముల్లవుతాయి. ఒక్కో వైరస్‌కు సగటున 14 ముళ్లే. ఫ్లూ వైరస్‌కైతే వందల్లో ఉంటాయి. ఇది వైరస్‌కు లోటేమీ కాదు. యాంటీబాడీకి రెండు చేతులుంటాయి. ముళ్లు దూరదూరంగా ఉంటే రెండూ ఒకేసారి అందవు.

పుట్టింటి మాయలు ఇంకా ఉన్నాయంటుంది. జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెరలే. అవీ మన కణం తొడిగినవే కాబట్టి శరీరం వాటిని పరాయివిగా చూడదు. ముల్లు ముందు తెల్లకణం మీది సీడీ4 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. అప్పుడే రూపం మార్చి, అదే కణం మీది సీసీఆర్5 అనే మరో ప్రొటీన్‌ను పట్టే చోటు బయటపెడుతుంది. తర్వాత జీపీ41 కణపు పొరలో దిగబడి, మడతపడి, రెండు పొరల్నీ ఒకటి చేస్తుంది.

కొన్ని ముళ్ల టోపీ ఊడిపోతుంది. లోపలి జీపీ41 బయటపడగానే శరీరం దానిమీద విరుచుకుపడి యాంటీబాడీలు కుప్పలుగా చేస్తుంది. కానీ ఊడిన ముల్లు ఎటూ కణంలోకి దూరలేదు. ఆ శ్రమంతా వృథా. "వాటివల్ల రోగికి ఒరిగేది లేదు, నాకు కావలసినవి మాత్రం అవే. అవి నా చారను పట్టుకుంటేనే రెండో గీత పడేది" అంటుంది స్ట్రిప్. కోవిడ్ రోజుల నుంచి యాంటీబాడీ ఉంటే రక్షణ ఉన్నట్టేనని అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు.

పనికొచ్చే యాంటీబాడీలూ ఉన్నాయి. 2010లో వెలుగుచూసిన వీఆర్‌సీ01 సరిగ్గా సీడీ4 పట్టుకునే చోటే అతుక్కుని, పరీక్షించిన వైరస్ రకాల్లో 90 శాతాన్ని అడ్డుకుంది. అలాంటివాటిని మన ఒంట్లో పుట్టించే టీకా ఇంకా రాలేదు. మందులు చాలావరకు ముల్లును వదిలేసి లోపలికే గురిపెడతాయి. నక్కపల్లి మండలంలో ఫ్యాక్టరీ ఉన్న హెటిరోకు 2024లో తయారీ లైసెన్సు దక్కిన లెనకపవిర్ దెబ్బతీసేది లోపలి గూడునే. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్.

స్ట్రిప్ తన హద్దులూ దాచదు. వైరస్ సోకిన తొలి వారాల్లో యాంటీబాడీలు చాలవు కనుక గీత పడదు, కొన్నాళ్లాగి మళ్లీ చేయించుకోవాలి. పడినా ఒక్క కిట్టు మాట మీద పాజిటివ్ అనరు, వేరే కిట్లతోనూ చూస్తారు. ఏడాదిన్నర లోపు పిల్లల్లో దాని సాక్ష్యం చెల్లదు. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలోకి వచ్చేస్తాయి, వైరస్ రాకపోయినా గీత పడుతుంది. అప్పుడు బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కల్ని కాగితం మీద ఆరబెట్టి, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షకు పెద్ద ల్యాబుకు పంపుతారు.